చక్కెర హలాలేనా?

సకల ప్రశంసలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతిశుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా!

తెల్ల చక్కెరను ఎముకల బొగ్గుతో శుద్ధి చేస్తారు గనుక అది హరామ్ అని కొందరు ప్రచారం చేస్తున్నారు. ఆ మాట విని పొరుగువారు పంపిన మిఠాయిని సైతం పక్కన పెట్టేవారున్నారు. ఇది హలాల్, హరామ్‌లకు సంబంధించిన విషయం. కనుక చక్కెర చరిత్రనూ, ధర్మశాస్త్ర నిర్ణయాన్నీ తెలుసుకోవడం మన బాధ్యత.

దైవప్రవక్త (స) తీపిని, తేనెను ఇష్టపడేవారని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. చెరకు రసం నుండి చక్కెర తీసే విద్య మన ఉపఖండంలో పుట్టింది. సంస్కృత 'శర్కర' పారశీకంలో 'షకర్'గా, అరబీలో 'సుక్కర్'గా మారింది. ఇరాన్ ఇస్లామీ పాలనలోకి వచ్చిన తరువాత చెరకు సాగు ముస్లింల చేతుల మీదుగా ఈజిప్టు, సిసిలీ, అందలూస్‌ల వరకు వ్యాపించింది. ఆనాడు రసాన్ని కాచి, తెట్టు తీసి, గడ్డకట్టించేవారు. ఎముకల బొగ్గు ప్రసక్తి అప్పటికింకా లేదు.

ఆ బొగ్గు 19వ శతాబ్ది ఆరంభంలో ఐరోపా కర్మాగారాలలో ప్రవేశించింది. పశువుల ఎముకలను గాలి చొరని పాత్రలలో తీవ్రంగా కాల్చి బొగ్గు చేసి, దాని గుండా చక్కెర పాకాన్ని వడకట్టేవారు. పాకం రంగును బొగ్గు పీల్చుకుంటుంది. బొగ్గు మాత్రం చక్కెరలో కలవదు. 1905 నాటి స్వదేశీ ఉద్యమకాలంలో విదేశీ చక్కెరలో ఆవు, పంది ఎముకలు వాడారన్న ప్రచారం హిందువులనూ ముస్లింలనూ కలవరపరచింది. నేటి మాట ఆనాటి మాటకు కొనసాగింపే.

ధర్మశాస్త్రం ఏమంటున్నది? మన దేశపు మిల్లులలో అధికభాగం సున్నంతో, గంధకపు పొగతో రసాన్ని శుద్ధి చేస్తాయి. అక్కడ ఈ ప్రశ్నే ఉదయించదు. ఇక ఎముకల బొగ్గు వాడినచోట – హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం పంది మినహా ఇతర జంతువుల ఎముక, కొవ్వు తేమ లేకుంటే, పరిశుద్ధమే. మరొక సూత్రం ఇస్తిహాలా, అనగా వస్తువు స్వభావమే మారిపోవడం. ఉప్పుగనిలో పడిన గాడిద పూర్తిగా ఉప్పుగా మారితే ఆ ఉప్పు పరిశుద్ధమని ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) తీర్పు. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) దీనితో ఏకీభవించలేదు. అయినా హనఫీ ఫత్వా మొదటి అభిప్రాయంపైనే నిలిచింది. షాఫయీ పండితులు ఈ సూత్రాన్ని సిర్కా, పదునుచేసిన తోలు వంటి కొద్ది విషయాలకే పరిమితం చేశారు.

కావున మన బజారులో దొరికే చక్కెర హలాలే. పంది ఎముక వాడినట్లు రూఢిగా తెలిసిన సరుకును వదిలేయడం తఖ్వా. కాని మన జాగ్రత్త ఇతరులపై ఫత్వా కారాదు. ఆధారం లేకుండా ఇది హలాల్, అది హరామ్ అని నోటికి వచ్చినట్లు పలకడాన్ని సూరా నహ్ల్ 116వ ఆయత్ నిషేధించింది. అందిన వార్తను విచారించమని సూరా హుజురాత్ 6వ ఆయత్ ఆదేశించింది.

సోదరులారా! చక్కెరలో బొగ్గును వెదకే మనం, దానిని కొన్న సొమ్మునూ, దానిని తూచిన తక్కెడనూ పరీక్షించుకుంటున్నామా? వడ్డీ సొమ్ముతో కొన్నది, తూకంలో దగా చేసి అమ్మినది ఎంత తెల్లగా ఉన్నా మనకు మేలు చేయదు.

అల్లాహ్ మనకు హలాల్ ఉపాధిని, సరైన జ్ఞానాన్ని, నోటిపై అదుపును ప్రసాదించుగాక! ఆమీన్.