రుతువిరతి తరువాత ఆలస్యంగా ప్రారంభించే హార్మోను చికిత్స

రుతువిరతి కలిగిన పది లేక అంతకు మించిన సంవత్సరాల తరువాత ఒక స్త్రీ మొట్టమొదటిసారిగా ఈస్ట్రోజెన్ వంటి స్త్రీ హార్మోనులను మందు రూపంలో తీసుకోవడాన్ని ఆలస్యంగా ప్రారంభించే హార్మోను చికిత్స అంటారు. శరీరంలో తగ్గిపోయిన హార్మోనులను బయటినుండి భర్తీ చేసే ఈ పద్ధతికి హార్మోను పునస్థాపన చికిత్స అని పేరు. రుతువిరతి సమీపకాలంలో మొదలుపెట్టినపుడు ఈ చికిత్స ఇచ్చే ఫలితాలు, చాలా ఏళ్ళ తరువాత మొదలుపెట్టినపుడు కలిగే ఫలితాలు ఒకే విధంగా ఉండవని 2002 తరువాతి పరిశోధనలు తెలిపాయి. చిన్న వయసులోనే గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్సలు ఎక్కువగా జరిగిన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది.

రుతువిరతి

స్త్రీకి వరుసగా 12 నెలలపాటు ముట్టు రాకపోతే రుతువిరతి కలిగినట్లు వైద్యులు నిర్ణయిస్తారు. వాడుకలో దీనినే ముట్లుడుగుట అంటారు. పాశ్చాత్య దేశాలలో ఇది సగటున 51 ఏళ్ళ ప్రాంతంలోను, భారతదేశంలో 46-47 ఏళ్ళ ప్రాంతంలోను జరుగుతుంది. 40 ఏళ్ళ లోపు జరిగితే అకాల రుతువిరతి అంటారు. రెండు అండాశయాలనూ శస్త్రచికిత్సతో తొలగించినపుడు ఏ వయసులోనైనా వెంటనే రుతువిరతి కలుగుతుంది.

అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారీని తగ్గించడం వలన వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్రలేమి, చిరాకు, యోని పొడిబారడం, మూత్రసంబంధమైన ఇబ్బందులు కలుగుతాయి. ఎముకలు క్రమంగా గుల్లబారుతాయి. విశాఖపట్నం వంటి సముద్రతీర నగరాలలో ఉక్కపోత సహజం గనుక వేడి ఆవిర్లను వాతావరణ ప్రభావంగా పొరబడే వీలుంది. ఛాతీ, మెడ, ముఖం హఠాత్తుగా వేడెక్కి, కొద్ది నిమిషాలలో చెమటపట్టి తగ్గిపోవడం, చల్లని వేళలలో కూడా ఇలా జరగడం వేడి ఆవిర్ల గుర్తులు.

చరిత్ర

గర్భంతో ఉన్న గుర్రాల మూత్రం నుండి తీసిన ఈస్ట్రోజెన్ మిశ్రమం ప్రెమారిన్ అనే పేరుతో 1942లో అమెరికాలో అనుమతి పొందింది. 1966లో రాబర్ట్ విల్సన్ అనే అమెరికా వైద్యుడు రాసిన పుస్తకం వలన, ఈ మందు యౌవనాన్ని నిలుపుతుందన్న నమ్మకం వ్యాపించింది. అయితే ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడిన స్త్రీలలో గర్భాశయపు లోపలి పొరకు క్యాన్సరు ఎక్కువగా వస్తున్నదని 1975లో బయటపడింది. అప్పటినుండి గర్భాశయం ఉన్న స్త్రీలకు ఈస్ట్రోజెన్‌తోపాటు ప్రొజెస్టిరోన్ వర్గపు మందును కూడా ఇస్తున్నారు.

హార్మోనులు వాడుతున్న స్త్రీలలో గుండెజబ్బులు తక్కువగా ఉన్నట్లు 1980, 1990 దశకాలలో పరిశీలకులు గమనించారు. దానితో ముట్లుడిగి చాలా కాలమైన వృద్ధ స్త్రీలకు సైతం గుండె రక్షణ కోసం ఈ మందులు రాయడం మొదలైంది. ఆ పరిశీలనలలోని స్త్రీలలో ఎక్కువమంది రుతువిరతి సమయంలోనే మందు మొదలుపెట్టినవారు. పైగా వారు ఆరోగ్యం పట్ల ఎక్కువ శ్రద్ధ గలవారు. ఈ రెండు తేడాలకు అప్పట్లో తగిన ప్రాముఖ్యం దక్కలేదు.

1998లో వెలువడిన హెర్స్ అనే పరిశోధనలో, అప్పటికే గుండెజబ్బు ఉన్న 2,763 మంది స్త్రీలకు హార్మోనుల వలన మేలు కలగలేదు. మొదటి ఏడాదిలో గుండెపోట్లు పెరిగాయి కూడా.

విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ఆధ్వర్యంలో 1990 దశకంలో ఈ భారీ పరిశోధన మొదలైంది. ఇందులో ఒక భాగంగా 50 నుండి 79 ఏళ్ళ వయసు గల 16,608 మంది స్త్రీలలో కొందరికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి, మిగిలినవారికి మందు లేని ఉత్తి మాత్రలు ఇచ్చారు. వారి సగటు వయసు 63 ఏళ్ళు. అంటే ఎక్కువమంది ముట్లుడిగిన చాలా ఏళ్ళకు మందు ప్రారంభించినవారే. సగటున 5.2 సంవత్సరాలు గడిచాక 2002 జూలైలో ఈ భాగాన్ని గడువుకు ముందే నిలిపివేశారు. 10,000 మంది స్త్రీలు ఒక సంవత్సరం మందు వాడితే కనిపించిన తేడాలు ఇవి:

* గుండెజబ్బు - 7 మందికి అధికంగా
* పక్షవాతం - 8 మందికి అధికంగా
* ఊపిరితిత్తులలో రక్తపు గడ్డలు - 8 మందికి అధికంగా
* రొమ్ము క్యాన్సరు - 8 మందికి అధికంగా
* పెద్దపేగు క్యాన్సరు - 6 మందికి తక్కువగా
* తుంటి ఎముక విరగడం - 5 మందికి తక్కువగా

గర్భాశయం తొలగించిన 10,739 మందికి ఈస్ట్రోజెన్ మాత్రమే ఇచ్చిన రెండవ భాగాన్ని 2004లో ఆపారు. ఇందులో పక్షవాతం పెరిగింది గాని రొమ్ము క్యాన్సరు పెరగలేదు. 65 ఏళ్ళు దాటినవారిపై జరిపిన అనుబంధ పరిశోధనలో, రెండు హార్మోనులూ కలిపి వాడినవారికి మతిమరుపు వ్యాధి వచ్చే అవకాశం సుమారు రెట్టింపు అయినట్లు 2003లో తేలింది.

ఈ వార్తలతో ప్రపంచమంతటా హార్మోనుల వాడకం ఒక్కసారిగా పడిపోయింది. వృద్ధ స్త్రీలలో కనిపించిన ఫలితాలను 50 ఏళ్ళ స్త్రీలకు కూడా అన్వయించడం వలన, మందు నిజంగా అవసరమైన ఎంతోమంది దానికి దూరమయ్యారు.

కాల సిద్ధాంతం

ఇవే వివరాలను 2007లో వయసువారీగా, రుతువిరతి నుండి గడిచిన కాలం వారీగా మళ్ళీ విశ్లేషించారు. పదేళ్ళలోపు మొదలుపెట్టినవారిలో గుండెజబ్బు 24 శాతం తక్కువగాను, 10-19 ఏళ్ళ మధ్య మొదలుపెట్టినవారిలో 10 శాతం ఎక్కువగాను, 20 ఏళ్ళు దాటినవారిలో 28 శాతం ఎక్కువగాను కనిపించింది. ఈ అంకెలు ఒక్కొక్కటిగా బలమైన రుజువులు కాకపోయినా, కాలం గడిచేకొద్దీ ముప్పు పెరుగుతుందన్న క్రమం స్పష్టమయింది. పక్షవాతం ముప్పు మాత్రం కాలంతో నిమిత్తం లేకుండా పెరిగింది.

దీనికి శాస్త్రవేత్తలు చెప్పే కారణం ఇది. ఆరోగ్యంగా ఉన్న రక్తనాళపు గోడపై ఈస్ట్రోజెన్ మంచి ప్రభావం చూపి, కొవ్వు పేరుకోవడాన్ని నెమ్మదింపజేస్తుంది. ఏళ్ళ తరబడి ఈస్ట్రోజెన్ లేక, అప్పటికే కొవ్వు గడ్డకట్టిన రక్తనాళంలో ఆ మేలు కలగదు. పైగా నోటి ద్వారా తీసుకున్న ఈస్ట్రోజెన్ రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది, పేరుకున్న కొవ్వు పొర చిట్లే అవకాశం కూడా పెరుగుతుంది.

2016లో ప్రకటించిన ఎలైట్ అనే పరిశోధన దీనిని నేరుగా పరీక్షించింది. 643 మంది స్త్రీలను, ముట్లుడిగి 6 సంవత్సరాలు నిండనివారు, 10 సంవత్సరాలు దాటినవారు అని రెండు వర్గాలుగా విభజించారు. మొదటి వర్గంలో మెడ రక్తనాళపు గోడ మందమవడం ఈస్ట్రోజెన్ వలన నెమ్మదించింది. రెండవ వర్గంలో అటువంటి ప్రయోజనం కనిపించలేదు.

తెలుగు రాష్ట్రాలలో పరిస్థితి

2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తొలగించబడినవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. 2019-21 సర్వేలో ఈ అంకెలు వరుసగా 3.3, 8.7, 8.2 శాతం. శస్త్రచికిత్స నాటి మధ్యస్థ వయసు దేశంలో 34 సంవత్సరాలు. అధిక రక్తస్రావం దీనికి ముఖ్య కారణంగా నమోదయింది. పిల్లలు పుట్టాక గర్భసంచితో పనిలేదన్న అభిప్రాయం, క్యాన్సరు వస్తుందన్న భయం కూడా దీనికి తోడయ్యాయి. అనవసరపు శస్త్రచికిత్సలను అరికట్టే మార్గదర్శకాలను రాష్ట్రాలు అమలుచేయాలని 2023 ఏప్రిల్‌లో భారత సుప్రీం కోర్టు ఆదేశించింది.

ఇందువలన ఇక్కడ రుతువిరతి కాలాన్ని లెక్కించడంలో రెండు చిక్కులు ఉన్నాయి.

* గర్భసంచి మాత్రమే తీసి, అండాశయాలను ఉంచితే ముట్టు ఆగిపోతుంది గాని రుతువిరతి కలిగినట్లు కాదు. అండాశయాలు ఇంకా కొన్నేళ్ళు పనిచేస్తాయి, అయితే సహజ కాలం కంటే కొంత ముందుగా ఆగవచ్చు. ముట్టు అనే గుర్తు లేనందున ఎప్పుడు ఆగాయో తెలియదు. లక్షణాలను బట్టి, అవసరమైతే ఎఫ్.ఎస్.హెచ్. అనే రక్తపరీక్షను బట్టి అంచనా వేయాలి.
* అండాశయాలను కూడా తీసివేస్తే ఆనాటినుండే లెక్క మొదలవుతుంది. 34వ ఏట శస్త్రచికిత్స జరిగిన స్త్రీకి 50 ఏళ్ళు వచ్చేసరికి 16 సంవత్సరాలు గడిచిపోతాయి. వయసును చూస్తే ఆమె చిన్నదే, గడిచిన కాలాన్ని చూస్తే ఆలస్యమైనదే. ఇటువంటివారికి శస్త్రచికిత్స జరిగిన వెంటనే హార్మోనులు ప్రారంభించి, కనీసం సహజ రుతువిరతి వయసు వరకు కొనసాగించాలని, అభ్యంతరాలు లేనపుడు, వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

కనుక శస్త్రచికిత్స నాటి ఆసుపత్రి కాగితాలు భద్రపరచుకోవడం ముఖ్యం. అండాశయాలు ఉన్నాయో లేదో వాటివలన తెలుస్తుంది. కాగితాలు లేకపోతే స్కానింగు ద్వారా కొంతవరకు తెలుసుకోవచ్చు. గర్భాశయం లేనివారికి సాధారణంగా ప్రొజెస్టిరోన్ అవసరం ఉండదు.

విశాఖపట్నంలో 1923లో స్థాపించబడిన ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధంగా కింగ్ జార్జి ఆసుపత్రి, ఘోషా ఆసుపత్రిగా పేరొందిన విక్టోరియా ఆసుపత్రి ఉన్నాయి. ఉక్కు కర్మాగారం, ఓడరేవు సంస్థలు తమ ఉద్యోగుల కుటుంబాల కోసం ఉక్కునగరం, సాలగ్రామపురాలలో ఆసుపత్రులు నెలకొల్పాయి. అగనంపూడి వద్ద హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి ఉంది.

నేటి వైద్య అభిప్రాయం

ఉత్తర అమెరికా రుతువిరతి సంఘం 2022లో ప్రకటించిన అభిప్రాయం ప్రకారం, 60 ఏళ్ళ లోపు లేదా రుతువిరతి కలిగిన పదేళ్ళ లోపు ఉండి, ఇబ్బందికరమైన లక్షణాలు గలవారిలో మేలు పాలు ఎక్కువ. ఆ హద్దు దాటాక మొదలుపెడితే గుండెజబ్బు, పక్షవాతం, రక్తపు గడ్డలు, మతిమరుపుల ముప్పు పెరిగి మేలు పాలు తగ్గుతుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2025 నవంబరులో ఈ మందులపై ఉన్న గుండెజబ్బు, రొమ్ము క్యాన్సరు, మతిమరుపు హెచ్చరికలను పెట్టెలోని ప్రధాన హెచ్చరిక నుండి తొలగించనున్నట్లు ప్రకటించింది. అయితే పదేళ్ళలోపు లేదా 60 ఏళ్ళలోపు ప్రారంభించాలన్న సూచన అందులో కూడా ఉంది. కనుక ఆ నిర్ణయం వలన ఆలస్యపు ప్రారంభం నిరపాయమైనదని భావించరాదు.

గుండెజబ్బును గాని, మతిమరుపును గాని నివారించడం కోసం మాత్రమే హార్మోనులను ఆలస్యంగా ప్రారంభించరాదు. భరించరాని వేడి ఆవిర్లు కొనసాగుతూ, ఇతర మందులు పనిచేయనపుడు, రక్తపోటు, చక్కెర, కొవ్వు, రొమ్ముల పరీక్షలు చేసిన తరువాత, వైద్యులు తక్కువ మోతాదులో ఆలోచించవచ్చు. అప్పుడు మాత్రలకంటే చర్మంపై అతికించే పట్టీ లేదా పూసే జెల్ మేలు. చర్మం ద్వారా వెళ్ళిన మందు మొదట కాలేయంలోకి చేరదు కాబట్టి రక్తపు గడ్డల ముప్పు తక్కువ.

రొమ్ము లేదా గర్భాశయపు క్యాన్సరు, గుండెపోటు, పక్షవాతం, రక్తపు గడ్డలు గతంలో వచ్చినవారు, తీవ్రమైన కాలేయవ్యాధి ఉన్నవారు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారు సాధారణంగా ఈ చికిత్సకు తగరు. ముట్లుడిగిన తరువాత ఎప్పుడు రక్తస్రావం కనిపించినా వెంటనే పరీక్ష చేయించుకోవాలి.

యోనిలో వాడే ఈస్ట్రోజెన్

పై హెచ్చరికలు శరీరమంతటా వ్యాపించే మందులకు సంబంధించినవి. యోని పొడిబారడం, మూత్రంలో మంట, తరచుగా మూత్రపు ఇన్ఫెక్షన్లు రావడం వంటి వాటికి యోనిలో వాడే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీము, బిళ్ళలు వేరు. ఇవి రక్తంలోకి చాలా తక్కువగా చేరుతాయి. ముట్లుడిగి ఎన్ని ఏళ్ళయినా వీటిని ప్రారంభించవచ్చు. రొమ్ము క్యాన్సరు వచ్చినవారు మాత్రం తమ క్యాన్సరు వైద్యుని సలహా తీసుకోవాలి. సిగ్గు వలన ఈ బాధను బయటకు చెప్పుకోక, తేలికైన చికిత్స ఉండి కూడా ఏళ్ళ తరబడి సహించే స్త్రీలు ఉన్నారు.

ప్రత్యామ్నాయాలు

వేడి ఆవిర్లకు వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ వంటి హార్మోను కాని మందులు ఉన్నాయి. ఫెజోలినెటాంట్ అనే కొత్త మందుకు 2023లో అమెరికాలో అనుమతి లభించింది. ఎముకల గుల్లబారుటకు బిస్ఫాస్ఫోనేట్లు, తగిన కాల్షియం, విటమిన్ డి, నడక వంటి వ్యాయామం ఉపయోగపడతాయి. టిబోలోన్ అనే మందు 60 ఏళ్ళు దాటిన స్త్రీలలో ఎముకలు విరగడాన్ని తగ్గించినా, పక్షవాతం ముప్పును రెట్టింపు చేసినట్లు 2008లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. కనుక ముదిమిలో దీనిని హార్మోనులకు సురక్షితమైన బదులుగా తలచరాదు.

ఇవి కూడా చూడండి

* రుతువిరతి
* ఈస్ట్రోజెన్
* గర్భాశయం
* ఆస్టియోపోరోసిస్
* ఆంధ్ర వైద్య కళాశాల