కొడవలి నుంచి కోత యంత్రం దాకా: భద్రాద్రి అడవి అంచున గడ్డి చరిత్ర

ఖమ్మం మైదానం ముగిసి భద్రాచలం అడవి మొదలయ్యే నేలలో గడ్డిని మూడు అవసరాల కోసం కోశారు: పశువుల మేతకు, ఇంటి కప్పుకు, కంటికి ఇంపుకు. మొదటి రెండు అవసరాలూ ఆ నేలలో సేద్యం, పల్లె ఉన్నంత పాతవి. మూడోది గనులు, కర్మాగారాలు, వాటి కాలనీలతో వచ్చింది. ఏ కాలంలో ఏ పనిముట్టు నిలిచిందన్నది, కోసిన గడ్డి ఎక్కడికి పోతుందన్న దాన్నిబట్టే తేలింది. ఈ ప్రాంతపు గడ్డి చరిత్రకు అదే మూలసూత్రం.

గడ్డి రకాలు, కోత పద్ధతి

గోదావరి కుడి గట్టున పాల్వంచ, బూర్గంపహాడ్, అశ్వాపురం, మణుగూరు. ఎడమ గట్టున భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల. రెండు గట్ల వెంటా టేకు, ఇప్ప, తునికి, వెదురు పెరిగే అడవి ఉంది. ఈ నేలలో జనానికి ఎక్కువగా అక్కరకొచ్చిన గడ్డి మూడు రకాలు. నది లంకల్లో రెల్లు, కొండవాలుల మీద బోద, పొలం గట్ల మీద గరిక. మృగశిర కార్తె వానలకు చిగురించిన గడ్డి దసరా నాటికి నిండుగా ఎదుగుతుంది. వానలు వెనకబట్టాక కోతకు అదను. పచ్చిగా ఉండగా కోస్తే మేత, ఎండి గట్టిపడ్డాక కోస్తే కప్పు.

కోయ, కొండరెడ్డి పల్లెల్లో ఇళ్లకు గడ్డి కప్పే ఉండేది. వెదురు బద్దల మీద గడ్డిని పొరలుగా పరిచి నారతో బిగించి కట్టేవారు. వానకు నాని, చెదపట్టి, కప్పు కొన్నేళ్లకే పాడవుతుంది. అందుకే ఊరికి అందుబాటులో గడ్డి వాలు ఉండడం ఆ పల్లెలకు నీటి వసతి ఉన్నంత అవసరం.

మైదానంలో పశువులకు ఆధారం జొన్నచొప్ప, వరిగడ్డి. వానాకాలంలో పొలాలన్నీ పైరు కింద ఉంటాయి కాబట్టి మందలను అడవి వైపు తోలేవారు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసి బతికిన లంబాడీలు, రైళ్లూ రోడ్లూ వచ్చి ఆ వ్యాపారం సన్నగిల్లాక, మందలతో సహా అడవి అంచున తండాలు వేసుకున్నారు. ఇలా ఒకే గడ్డి మీద గూడెం, తండా, మైదానపు రైతు ముగ్గురూ ఆధారపడ్డారు.

ఈ గడ్డినంతా కోసింది చిన్న కొడవలి. గొంతుక్కూర్చుని, ఎడమ చేత పిడికెడు గడ్డి పట్టి, కుడి చేత్తో మొదట్లో కోయడం దాని పద్ధతి. యూరప్ పల్లెల్లో నిలబడి రెండు చేతులా ఊపి కోసే పొడవు కర్ర కొడవలి ఉండేది. దానితో పని వేగంగా సాగుతుంది గాని గడ్డి నేలపాలవుతుంది, మళ్లీ పోగు చేసుకోవాలి. దానికి చదునైన నేల కూడా కావాలి. మోళ్లు, రాళ్లు నిండిన అడవి అంచుకు చిన్న కొడవలే తగింది. కోసిన పరకలు చెదరకుండా చేతికి వస్తాయి, మోపు కట్టడం సులువవుతుంది. మేతకైనా కప్పుకైనా కావలసింది ఆ మోపే.

గడ్డికి సర్కారు హక్కు

పందొమ్మిదో శతాబ్దంలో గోదావరి రెండు ప్రభుత్వాల మధ్య సరిహద్దయింది. 1860లో నిజాం ఎడమ గట్టు ప్రాంతాన్ని బ్రిటిష్ వారికి వదులుకున్నాడు. పాల్వంచ ఉన్న కుడి గట్టు హైదరాబాద్ రాజ్యంలోనే మిగిలింది. ఎడమ గట్టున భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు మొదట సెంట్రల్ ప్రావిన్సెస్ పాలనలో ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో చేరాయి.

ఆ మార్పు అడవి జనానికి బరువైంది. పాత పాలనలో పోడు కొట్టుకునేవారు గొడ్డలికి నాలుగణాల చొప్పున పన్ను కట్టేవారు. మద్రాసు ప్రభుత్వం దాన్ని మూడింతలు చేసి, కొంత అడవిలో పోడునే ఆపింది. 1879లో పక్కనున్న రంపలో తిరుగుబాటు రేగినప్పుడు రేకపల్లి సీమ కూడా అందులో కలవడానికి ఇదొక ముఖ్య కారణం.

1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవుల హద్దులు గీశారు. ఆ హద్దుల లోపల గడ్డి కోయడానికీ పశువును మేపడానికీ అనుమతి తప్పనిసరైంది. మేపుకు కట్టే రుసుమే పుల్లరి. తలకింత అని లెక్కకట్టి వసూలు చేసేవారు. చీటీ లేని పశువు దొరికితే బందెలదొడ్డికి తోలేవారు. కొత్త చిగురు కోసం ఎండుగడ్డికి నిప్పు పెట్టే పాత అలవాటు కూడా నేరమైంది. గ్రామాల ఫిర్యాదులు పెరగడంతో 1912లో మద్రాసు ప్రభుత్వం ఒక అటవీ కమిటీని వేసింది. ఊరి అవసరాలకు పనికివచ్చే అడవులను పంచాయతీల చేతికివ్వాలన్న ఆలోచన దాని నుంచే బలపడింది.

పుల్లరి మీద అసమ్మతి ఆ తర్వాతా చల్లారలేదు. 1922లో పల్నాడులో పుల్లరి నిరాకరణకు నాయకత్వం వహించిన కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. అదే ఏడాది ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మన్యంలో పోలీసు స్టేషన్ల మీద దాడులు మొదలుపెట్టాడు. అటవీ ఆంక్షలు, వెట్టి ఆ తిరుగుబాటుకు ఊపిరి పోశాయి. నది ఇవతల నిజాం ఏలుబడిలోనూ అడవి సిబ్బంది మామూళ్లు జనాన్ని పీడించాయి. 1946 నుంచి సాగిన తెలంగాణ సాయుధ పోరాటం పాల్వంచ, ఇల్లెందు అడవుల్లోకి పాకినప్పుడు కోయలు అందులో చేరడానికి ఆ బాధ కూడా కారణమే. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం ప్రాంతం తూర్పు గోదావరి నుంచి విడిపోయి ఆ జిల్లాలో కలిసింది. రెండు గట్లూ ఒకే జిల్లా కిందికి వచ్చాయి. 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చి, రెండు ప్రాంతాలకూ ఒకే నిబంధనలు తెచ్చింది.

వెదురు: పరిశ్రమకు వెళ్లిన గడ్డి

వృక్షశాస్త్రం ప్రకారం వెదురు కూడా గడ్డి జాతిదే. ఈ అడవిలో పరిశ్రమకు పనికొచ్చి వ్యాపార విలువ సంపాదించిన గడ్డి అది. గోదావరి, శబరి మీదుగా వెదురు తెప్పలు రాజమండ్రికి చేరేవి. 1924లో రాజమండ్రిలో కాగితం మిల్లు పుట్టాక అడవి వెదురుకు గిరాకీ పెరిగింది. భద్రాచలానికి నది అవతల సారపాకలో ఐటీసీ పేపర్‌బోర్డుల కర్మాగారం 1979లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అడవిలో వెదురు తరిగే కొద్దీ రైతుల పొలాల్లో పెంచే సుబాబుల్, యూకలిప్టస్ కాగితపు గుజ్జుకు ప్రధానమయ్యాయి. దుంగ కొట్టినా బొంగు కొట్టినా పని కూలీల చేతుల్లోని కత్తి, గొడ్డలిదే. చట్టం వెదురును చాలాకాలం చెట్టుగానే లెక్కించింది. 2006 అటవీ హక్కుల చట్టం దాన్ని చిన్నతరహా అటవీ ఉత్పత్తుల జాబితాలో చేర్చి, సేకరణ మీద గిరిజనులకు హక్కునిచ్చింది. మేపు హక్కునూ అదే చట్టం గుర్తించింది.

పచ్చిక రాక

మేతకూ కప్పుకూ కాక, కేవలం పచ్చగా పొట్టిగా ఉంచడానికి గడ్డి పెంచడం ఈ ప్రాంతానికి పరిశ్రమలతో వచ్చిన అలవాటు. 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1889 నాటికి తవ్వకం సాగింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది, ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో నిలిచింది. పాల్వంచలో థర్మల్ విద్యుత్ కేంద్రం, సారపాకలో కాగితపు కర్మాగారం, మణుగూరు దగ్గర భారజల కర్మాగారం తర్వాత వచ్చాయి. వాటి వెంట క్వార్టర్లు, అతిథి గృహాలు, పార్కులు, ఆటస్థలాలు వెలిశాయి. కొత్తగూడెం ప్రకాశం స్టేడియం, ఖమ్మం సర్దార్ పటేల్ స్టేడియం వంటి మైదానాలు తోడయ్యాయి.

పచ్చికకు ఎక్కువగా పనికివచ్చింది గరికే. గట్ల మీద పశువులు కొరికే గడ్డినే చదును చేసి, నీళ్లు పెట్టి, కత్తిరిస్తే అదే తివాచీలా అల్లుకుంటుంది. నీడ పట్టే చోట ఇతర రకాలు నాటుతారు. ఇక్కడ కొడవలి పనికిరాదు. నేలకు రెండంగుళాల లోపు, ఎత్తు తేడా కనిపించకుండా కోయడం దానివల్ల కాదు.

యంత్రం పుట్టుక, ప్రయాణం

పచ్చిక కోసే యంత్రానికి 1830లో ఇంగ్లండ్‌లోని స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ పేటెంట్ పొందాడు. ఉన్ని మిల్లుల్లో బట్ట మీది నూగును కత్తిరించే పరికరాన్ని చూసి, అదే ఏర్పాటును గడ్డికి పెట్టాడు. స్థూపాకారంలో తిరిగే బ్లేడ్లు కింద కదలని మరో బ్లేడును ఒరుసుకుంటూ కత్తిరిస్తాయి. 1832 నుంచి రాన్సమ్స్ సంస్థ లైసెన్సు మీద దీన్ని తయారు చేసింది. తర్వాత గుర్రాలు లాగే యంత్రాలు, 1893లో ఆవిరితో నడిచేవి, 1902లో పెట్రోలుతో నడిచేవి వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దంలో అడ్డంగా గిర్రున తిరిగే బ్లేడు చవకగా దొరకడంతో యంత్రం ఇంటింటికీ చేరింది. కూర్చుని నడిపే రైడ్‌ఆన్ యంత్రాలు విశాలమైన పచ్చికలకు ప్రమాణమయ్యాయి. 1995లో స్వీడన్‌కు చెందిన హుస్క్‌వార్నా సౌరశక్తితో తానంతట తానే తిరిగే యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. ఈనాటి రోబో యంత్రాలకు అది నాంది.

భద్రాద్రి ప్రాంతంలో వీటికంటే ముందు భుజాన తగిలించుకునే బ్రష్ కట్టర్ పట్టు సంపాదించింది. అశ్వారావుపేట, దమ్మపేట, సత్తుపల్లి ఆయిల్‌పామ్ తోటల్లో, ఖమ్మం మామిడి తోటల్లో, రోడ్ల పక్కన కలుపు కోయడానికి అది చాలు. గుంటలున్నా, రాళ్లున్నా నడుస్తుంది. పాడి రైతులు మాత్రం నేపియర్ గడ్డిని కొడవలితోనే కోసి, చాఫ్‌కట్టర్‌లో ముక్కలు చేసి పశువులకు వేస్తున్నారు.

రైడ్‌ఆన్‌కూ రోబోకూ తేడా

విశాలమైన పచ్చికకు ఈ రెంటిలో ఏది తగునన్నది యంత్రం చేసే పని తీరు మీదా, నేల, వాతావరణం మీదా ఆధారపడుతుంది.

రైడ్‌ఆన్ యంత్రం ఒక మనిషితో నడుస్తుంది. మామూలు రకానికి కోత వెడల్పు ఇంచుమించు 42 అంగుళాలు. గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో, మలుపులూ అతుకులూ పోగా, గంటకు సుమారు ఎకరం కోస్తుంది. వారానికి ఒకసారి కోసినా పొడవుగా ఎదిగిన గడ్డిని తట్టుకుంటుంది. కోసిన గడ్డిని సంచిలో పోగు చేసే ఏర్పాటు కూడా పెట్టుకోవచ్చు. బురదలో చక్రాలు దిగబడడం, ఏటవాలులో బోల్తా కొట్టే ప్రమాదం దాని లోపాలు. 15 డిగ్రీలకు మించిన వాలు మీద వాడవద్దన్నది సాధారణ నియమం.

రోబో యంత్రం రోజూ కొద్దికొద్దిగా, కొన్ని మిల్లీమీటర్లే కోస్తుంది. ఆ తునకలు అక్కడే రాలి ఎరువవుతాయి. బ్యాటరీ అయిపోగానే తనంత తాను వెళ్లి చార్జింగ్ పెట్టుకుంటుంది. శబ్దం తక్కువ, వాలు మీద రైడ్‌ఆన్ కంటే భద్రం. నేల అంచున పాతిన తీగో, ఉపగ్రహ సంకేతమో దానికి హద్దు చెబుతుంది. తీగతో నడిచే పెద్ద రకాలలో ఒకటి సుమారు అర హెక్టారు, అంటే ఎకరంపావు, చూసుకోగలదు. అంతకు మించితే ఒకటికి రెండు పెట్టాలి. గడ్డి ఒకసారి చెయ్యిదాటి పెరిగితే అది నిస్సహాయం.

ఈ ప్రాంతపు వాతావరణం రోబోకు మూడు చిక్కులు తెస్తుంది. జూలై నుంచి అక్టోబరు దాకా గరిక వేగంగా ఎదుగుతుంది, అదే కాలంలో ముసురు పట్టి రోజుల తరబడి నేల ఆరదు. వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుతుంది, లిథియం బ్యాటరీలను చార్జి చేయడానికి అదే సాధారణంగా పై హద్దు. అందుచేత ఆ నెలల్లో తెల్లవారుజామున నడపాలి. ఇక నది పక్క స్థలాల్లో వరద ముప్పు ఉంది. 1986లో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు చేరింది. వరద తెచ్చే ఒండ్రు పాతిన తీగనూ చార్జింగ్ కేంద్రాన్నీ పాడు చేస్తుంది. ఇవి కాక రెండు యంత్రాలూ ఎక్కువగా దిగుమతి సరుకు కావడంతో విడిభాగాలు, మరమ్మతు తెలిసిన మనిషి దగ్గరలో ఉన్నారో లేదో ముందే చూసుకోవాలి.

నిర్ణయం

ఆటస్థలం, కంపెనీ పార్కు, విద్యాసంస్థ మైదానం లాంటి రెండెకరాలకు మించిన చదును నేలకు, వానాకాలపు పెరుగుదల దృష్ట్యా, రైడ్‌ఆన్ యంత్రమే ఈ ప్రాంతానికి నప్పుతుంది. ప్రహరీ ఉండి, కరెంటు నమ్మకంగా ఉండి, ఎకరం లోపు పచ్చికను నిత్యం ఒకే ఎత్తులో ఉంచాలనుకునే అతిథి గృహానికి రోబో సరిపోతుంది. అప్పుడు కూడా ముసురు రోజుల కోసం ఒక బ్రష్ కట్టర్ ఉండాలి. రాళ్లు, మోళ్లు ఉన్న తోటకు బ్రష్ కట్టరే చాలు. గడ్డి మేతగా పోవాల్సిన చోట ఈ యంత్రాలేవీ పనికిరావు. రోబో తునకలు రాలిన చోటే మట్టిలో కలిసిపోతాయి, రైడ్‌ఆన్ సంచిలోకి చేరిన ముక్కలు త్వరగా వేడెక్కి బూజుపడతాయి. ఆ పని ఈనాటికీ కొడవలిదే.