అరకు కొండల్లో భూమికి సాక్ష్యం: పెద్దల మాట నుంచి ఉపగ్రహ చిత్రం దాకా

అరకు, అనంతగిరి, పాడేరు కొండల్లో గిరిజనులకు భూమి ఉండేది గానీ కాగితం ఉండేది కాదు. గట్టు, రాతికుప్ప, పూర్వీకుల సమాధి, దేవత చెట్టు, వీటికి తోడు ఊరి పెద్దల మాట: ఇవే రుజువులు. 1839 చట్టంతో గంజాం, విశాఖ కొండ ప్రాంతాలు మామూలు కోర్టుల నుంచి విడివడి, కలెక్టరు ఏజెంటు హోదాలో పాలించే ఏజెన్సీ అయ్యాయి. అయినా షావుకారు రాయించుకున్న అప్పు పత్రం ముందు పెద్దల మాట నిలవలేదు. ఏజెంటు అనుమతి లేకుండా కొండవాసుల భూమి బయటివారికి చేరకూడదని 1917లో చట్టం చేయాల్సి వచ్చింది.

అసలు మలుపు 1970 నాటి ఒకటో రెగ్యులేషన్, జనం నోట 1/70. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన భారం గిరిజనేతరుడిదే. కాగితం లేనివాడికి చట్టం చేసిన అతిపెద్ద మేలు ఇదే.

అడవి భూముల సంగతి వేరు. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2005 డిసెంబరు 13 నాటికి భూమి సాగులో ఉందని చూపాలి. రేషను కార్డు, ఓటరు కార్డు, గట్లు, బావులు, శ్మశానం, వంశవృక్షం, రాతలో పెట్టిన పెద్దల వాంగ్మూలం, ఉపగ్రహ చిత్రం అన్నీ నిబంధనల్లో ఉన్నాయి. చిక్కు ఉపగ్రహ చిత్రంతోనే. సిల్వర్ ఓక్ నీడన పెరిగే కాఫీ తోట పైనుంచి చూస్తే అడవిలాగే ఉంటుంది. విరామంగా వదిలిన పోడు కూడా పొదలు కమ్మి అలాగే కనబడుతుంది. అందుకే 2012 సవరణలో, ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండాలే తప్ప వాటి స్థానంలో ఏకైక రుజువు కాకూడదని స్పష్టంగా రాశారు. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, హక్కుల దరఖాస్తులు తిరస్కరణకు గురైనవారిని ఖాళీ చేయించమని, ఉపగ్రహ సర్వే జరపమని ఆదేశించింది. తొలగింపులను అదే నెల 28న నిలిపివేసింది.

వ్యవహారం కోర్టుకెక్కితే డిజిటల్ సాక్ష్యానికి మరో పరీక్ష ఉంది. 1872 సాక్ష్యాధారాల చట్టంలో 2000లో 65బి సెక్షన్ చేరింది. ఆ సెక్షన్ కోరే సర్టిఫికెట్ లేని ఎలక్ట్రానిక్ నకలు చెల్లదని 2014లో అన్వర్ కేసులోను, 2020లో అర్జున్ పండిట్‌రావు కేసులోను సుప్రీంకోర్టు తేల్చింది. పాత చట్టం స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఆ సర్టిఫికెట్‌లో ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. ఫైలులోని అంకెలన్నింటినీ లెక్కగట్టి వచ్చే గుర్తు అది. ఒక్క అక్షరం మారినా హ్యాష్ మారిపోతుంది. పొలంలో తీసిన ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫైలు కుదించుకుపోతుంది, హ్యాష్ కూడా వేరవుతుంది.

కాబట్టి గ్రామసభలు, అటవీ హక్కుల కమిటీలు సర్వే ఫొటోల అసలు ఫైళ్లను తీసిన ఫోనులోనే చెరపకుండా ఉంచి, పెద్దల వాంగ్మూలాన్ని అదే రోజు సంతకాలతో రాయించి పెట్టుకోవాలి.