జాడీ
ఊరగాయలు నిలవచేసే పింగాణీ పాత్ర. మట్టిని 1200 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో కాల్చితే నీరు పీల్చని రాయిలా గట్టిపడుతుంది. పైన గాజు పూత. అందుకే ఆవకాయలోని ఉప్పూ పులుపూ దాన్ని ఏమీ చేయలేవు. మూతపెట్టి, మెడకు గుడ్డతో వాసెన కడితే ఊరగాయ ఏడాదంతా చెడదు.

ఏలూరు జిల్లా ద్వారకా తిరుమల ప్రాంతంలో ఇలాంటి పింగాణీకి పనికొచ్చే బాల్ క్లే అనే మట్టి నిక్షేపాలున్నాయి.

అమెరికాలోనూ మినెసోటా రాష్ట్రపు రెడ్ వింగ్ ఊళ్లో 1870ల చివర మొదలైన పరిశ్రమ ఇలాంటి జాడీలను చేసింది. ఆ పరిశ్రమ 1967లో మూతపడింది. ఎర్ర రెక్క ముద్ర, గ్యాలన్ల అంకె ఉన్న ఆ పాత్రలను సేకర్తలు నేటికీ వెతికి కొంటారు. మన వంటింటి పాత జాడీలకూ అంతటి ఆదరణ దక్కాలి. పాత జాడీ కొనేముందు అంచు పెచ్చులూడిందేమో, వెంట్రుకవాసి పగులుందేమో చూడాలి. పగిలిన చోట నూనె ఊరుతుంది.