కోతి చేతికి తుపాకీ

నలుగురు కూర్చుని ఒకే టీవీలో తుపాకుల ఆట ఆడుతుంటారు. తెర నాలుగు ముక్కలై ఉంటుంది, ఎవరి ముక్క వారిది. అందరికంటే తక్కువ స్కోరున్నవాడి వైపు ఉన్నట్టుండి కోతులు దిగుతాయి, తుపాకులు పట్టుకుని మిగతా ముగ్గురి మీద పడతాయి. ఆ వానర సేన పుణ్యమా అని అతను కాస్త పైకి వచ్చాడో, అతన్ని వదిలేసి కొత్తగా అట్టడుగుకు జారినవాడి పక్షం చేరతాయి. 2002లో వచ్చిన ‘టైమ్‌స్ప్లిటర్స్ 2’లో ‘మంకీ అసిస్టెంట్’ అనే పోటీ ఇది.

అట్ట మీద మాత్రం కాలయానం కథ అని ఉంటుంది. భవిష్యత్తు నుంచి వచ్చిన రాక్షసజాతి, కాలంలో వెనక్కీ ముందుకీ దూకే వీర సైనికుడు, దొంగిలించిన స్ఫటికాలు. మరి కోతులెందుకు? ఈ ఆటను తయారుచేసినవాళ్ళు అంతకుముందు ఎవరి కొలువులో ఏం చేశారో చూస్తే తెలుస్తుంది.

ఇంగ్లండు నడిబొడ్డున ట్వైక్రాస్ అనే పల్లె దగ్గర రేర్ అనే గేమ్ కంపెనీ ఉంది. 1990లలో అది నింటెండోకు ఆటలు చేసిపెట్టేది. జేమ్స్ బాండ్ సినిమా ‘గోల్డెన్‌ఐ’ని ఆటగా మలిచే పని అక్కడ మార్టిన్ హాలిస్ నడిపిన ఓ చిన్న బృందానికి దక్కింది. అందులో చాలామంది అంతవరకు ఒక్క గేమ్ కూడా పూర్తి చేసినవాళ్ళు కారు. డేవిడ్ డోక్ అయితే ఆక్స్‌ఫర్డ్‌లో జీవరసాయన శాస్త్రం చదివి, పరిశోధన వదిలి, రేర్‌లో కంప్యూటర్ల బాగోగులు చూసే ఉద్యోగంలో చేరినవాడు. సినిమా 1995 నవంబరులో విడుదలైంది. ఆట బయటికొచ్చేసరికి 1997 ఆగస్టు. సినిమాను జనం మరచిపోయే వేళకు వచ్చిన ఆ ఆట 80 లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

ఫస్ట్ పర్సన్ షూటర్ అంటే ఆటగాడి కళ్ళలోంచే లోకం కనిపించి, తెర అడుగున అతని చేతిలోని తుపాకీ మాత్రమే కనిపించే ఆట. అది అప్పటిదాకా కంప్యూటర్ మీద మౌస్ పట్టుకుని ఆడేవాళ్ళ సొత్తు. చేతిలో ఇమిడే కంట్రోలర్‌తో, అదీ ఒకే ఒక్క బొడిపె ఉన్నదానితో, గురి చూసి కాల్చడం సాధ్యమేనని నమ్మించింది గోల్డెన్‌ఐ. అసలు వింత నలుగురు కలిసి ఆడే మల్టీప్లేయర్. మొదటి ప్రణాళికలో అది లేనే లేదు. విడుదలకు కొన్ని నెలల ముందు, పైవాళ్ళకు పెద్దగా చెప్పకుండా, స్టీవ్ ఎల్లిస్ అనే ప్రోగ్రామర్ దాన్ని అతికించాడు. ఇవాళ గోల్డెన్‌ఐ పేరు చెబితే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆ అతుకే.

అయితే బాండ్‌కు యజమానులున్నారు. సినిమా సెట్లు చూసొచ్చి, ఆ ఫొటోలూ ప్లాన్లూ ముందేసుకుని లెవల్స్ కట్టాలి. నింటెండోలో మహామహుడు షిగెరు మియమోతోకు ఆటలో చావులు ఎక్కువగా, మరీ దగ్గరగా ఉన్నాయనిపించింది. చివర్లో బాండ్ ఆసుపత్రికి వెళ్ళి తాను కాల్చినవాళ్ళందరితో కరచాలనం చేస్తే బాగుంటుందని ఆయన ఫ్యాక్స్‌లో సూచించినట్టు హాలిస్ తరువాత ఎప్పుడో చెప్పాడు. అది జరగలేదనుకోండి. జరిగుంటే చూడాలని నాకైతే ఉంది.

1999 ఏప్రిల్‌లో డోక్, ఎల్లిస్, కార్ల్ హిల్టన్, సంగీతకారుడు గ్రేమ్ నార్గేట్, లీ రే రేర్ వదిలి నాటింగ్‌హామ్‌లో ఫ్రీ రాడికల్ డిజైన్ పెట్టారు. అప్పటికి రేర్‌లో గోల్డెన్‌ఐ తరువాతి ఆట ‘పర్ఫెక్ట్ డార్క్’ ఇంకా వండుతూనే ఉన్నారు. కొత్త కంపెనీ చేతిలో బాండ్ లేడు, సినిమా లేదు, పేరున్న పాత్ర ఒక్కటీ లేదు. ఎదురుగా ఉన్నదల్లా ఒక తేదీ. సోనీ ప్లేస్టేషన్ 2 అమెరికాలో 2000 అక్టోబరు 26న దుకాణాల్లోకి రానుంది. కొత్త యంత్రం కొన్నవాడు దానితోపాటు ఏదో ఒక ఆట కొనక తప్పదు కాబట్టి ఆ రోజుకు సిద్ధంగా ఉంటే సగం గెలిచినట్టే. చేతిలో ఉన్నది ఏడాదిన్నర.

వాళ్ళ మొదటి ఆట ‘టైమ్‌స్ప్లిటర్స్’కు కాలయానం పనికొచ్చింది ఇక్కడే. ఒక్కో లెవల్ ఒక్కో సంవత్సరమైతే ఒకదానికొకటి అతకనక్కరలేదు, ఈ గది తలుపు ఆ గదిలోకి తెరుచుకోనక్కరలేదు. 1935లో ఈజిప్టు సమాధి, 1950లో పల్లె, 1965లో శవాలు లేచి తిరిగే భవంతి, 2020లో వేరే గ్రహం, 2035లో అంతరిక్షం. తుపాకులూ యుగాన్ని బట్టి మారిపోతాయి, నార్గేట్ సంగీతమూ మారుతుంది. అన్నిటికంటే ముఖ్యం, అడగాల్సినవాళ్ళు లేరు. బాండ్ లోకంలో అల్లం బిస్కెట్ మనిషి చేతికి తుపాకీ ఇవ్వాలంటే ఎంతమంది సంతకాలు కావాలో ఊహించండి. ఇక్కడ ఆ బిస్కెట్ మనిషీ బాతు తలవాడూ పోటీకి దిగిపోయారు. కాలానికి హక్కుదారు ఎవరూ లేరు మరి.

కథ మాత్రం నామమాత్రం. ఒక చోటికి వెళ్ళు, ఫలానా వస్తువు తీసుకో. తీసుకోగానే గాలిలోంచి ఆ రాక్షసజాతి, అంటే టైమ్‌స్ప్లిటర్లు, ఊడిపడతాయి, వాటిని తప్పించుకుంటూ మొదలైన చోటికి పరుగెత్తు. అంతే. సమీక్షకులు దీన్ని లోపమన్నారు, న్యాయమే. కానీ వేగం చూడండి: సెకనుకు 60 చిత్రాలు, తొట్రుపాటు లేకుండా. గోల్డెన్‌ఐలో నలుగురు దిగి బాంబులు పేలితే తెర నత్తనడక నడిచేది. ఆ బాధ తెలిసినవాళ్ళు కాబట్టే ఇక్కడ వేగం దగ్గర రాజీపడలేదు. చిక్కల్లా ప్లేస్టేషన్ 2కు కంట్రోలర్ రంధ్రాలు రెండే ఉండడం. నలుగురు ఆడాలంటే మల్టీట్యాప్ అనే పెట్టె విడిగా కొనాల్సొచ్చేది. ఆటలో మ్యాప్‌మేకర్ కూడా ఇచ్చారు. గదులూ మెట్లూ నడవలూ ముక్కలుగా పేర్చి ఆటగాడే తన రణరంగాన్ని కట్టుకుని మెమరీ కార్డులో దాచుకోవచ్చు. కన్సోల్ ఆటలో ఆ రోజుల్లో ఇది అరుదు.

రెండో భాగానికి తీరిక దొరికింది. 2002 అక్టోబరులో ప్లేస్టేషన్ 2, ఎక్స్‌బాక్స్, గేమ్‌క్యూబ్ మూడింటి మీదా వచ్చింది. నున్నటి గుండువాడు సార్జెంట్ కోర్టెజ్ కాలద్వారంలోంచి దూకి, ఏ యుగంలో పడితే ఆ యుగపు మనిషి వేషంలో తేలతాడు. 1932 షికాగోలో డిటెక్టివ్, 1853 వైల్డ్ వెస్ట్‌లో తుపాకీ వీరుడు. మొదటి లెవల్ 1990 సైబీరియాలో మంచు కప్పిన ఆనకట్ట. గోల్డెన్‌ఐ ఆడినవాళ్ళకు అది చూడగానే పెదవి మీద నవ్వొస్తుంది, ఆ ఆట కూడా రష్యన్ ఆనకట్ట మీదే మొదలవుతుంది. కష్టం స్థాయి పెంచితే శత్రువులు గట్టిపడడంతో ఆగకుండా చెయ్యాల్సిన పనులూ పెరుగుతాయి. అదీ పుట్టింటి నుంచి తెచ్చుకున్నదే. మరో లెవల్ 1895 పారిస్ నోత్ర్ దామ్. హెచ్.జి. వెల్స్ ‘ది టైమ్ మెషిన్’ పుస్తకంగా అచ్చయిన సంవత్సరం అది. కావాలని పెట్టారో కాకతాళీయమో గానీ కుదిరింది.

నా లెక్కలో ఈ ఆట గొప్పతనం కథలో లేదు. ఓడిపోతున్నవాణ్ణి అది చూసే తీరులో ఉంది. షూటర్లన్నీ చెయ్యి తిరిగినవాడికే పట్టం కడతాయి, కొత్తగా చేరిన చుట్టం పది నిమిషాల్లో విసిగి కంట్రోలర్ పక్కన పడేస్తాడు. ఇందులో ‘ష్రింక్’ పోటీలో వెనకబడే కొద్దీ మనిషి చిన్నవాడైపోతాడు, కాబట్టి గురికి అందడు. ‘వైరస్’లో అంటుకున్నవాడు మిగతావాళ్ళను తాకి అంటించాలి, చివరిదాకా శుభ్రంగా మిగిలినవాడిది గెలుపు. మన వీధుల్లో అంటాట ఆడిన ఎవరికీ దీని నియమాలు చెప్పనక్కరలేదు. మెటాక్రిటిక్ సమీక్షల సగటులో ప్లేస్టేషన్ 2 రూపానికి వందకు 90 వచ్చాయి.

2005 మార్చిలో ‘ఫ్యూచర్ పర్ఫెక్ట్’ వచ్చేసరికి ప్రచురణ ఐడోస్ నుంచి ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు మారింది. కాలయానాన్ని నిజంగా కథకు వాడుకున్నది ఈ మూడో భాగమే. కోర్టెజ్‌కు ఆపదలో సాయం చెయ్యడానికి భవిష్యత్తు కోర్టెజే వస్తాడు. కాసేపటికి ఆటగాడు అదే ఘట్టాన్ని అవతలి వైపు నుంచి ఆడి, ఇందాకటి తనను తానే కాపాడుకోవాలి. హాయిగా నవ్వించే ఆట. అయితే నాలుగు నెలల ముందే అదే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ‘గోల్డెన్‌ఐ: రోగ్ ఏజెంట్’ అనే బాండ్ షూటర్‌ను బజారులోకి తెచ్చింది. పాత ఆటతో దానికి పేరు తప్ప చుట్టరికం లేదు. అసలు గోల్డెన్‌ఐ చేసినవాళ్ళు అదే అరలో, ఆ పేరు లేకుండా నిలబడాల్సొచ్చింది.

తరువాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు, తలుచుకుంటే సంతోషం కలగదు కూడా. 2008 మేలో ప్లేస్టేషన్ 3 కోసం చేసిన ‘హేజ్’ సగటున 55 దగ్గర బోల్తాపడింది. చేతిలో ఉన్న స్టార్ వార్స్ ఆటను లూకాస్‌ఆర్ట్స్ రద్దు చేసింది. ఆ డిసెంబరులో ఫ్రీ రాడికల్ దివాలా అధికారుల చేతిలోకి వెళ్ళింది. 2009లో జర్మనీ కంపెనీ క్రైటెక్ కొనుక్కుని పేరు మార్చింది. 2014లో అదీ డబ్బుకు కటకటలాడడంతో, నాటింగ్‌హామ్ ఉద్యోగులు డీప్ సిల్వర్ అనే కంపెనీ వారి డాంబస్టర్ స్టూడియోస్‌కు మారారు. నాలుగో టైమ్‌స్ప్లిటర్స్ ఎప్పుడని అభిమానులు అడుగుతూనే ఉన్నారు.

డాంబస్టర్‌లో ఎవరికో పాత ప్రేమ చావలేదు. 2016లో వాళ్ళు చేసిన ‘హోమ్‌ఫ్రంట్: ది రెవల్యూషన్’లో ఒక మూల వీడియోగేమ్ యంత్రం ఉంటుంది. దాని దగ్గరికి వెళ్ళి మీట నొక్కితే టైమ్‌స్ప్లిటర్స్ 2 మొదటి రెండు లెవల్స్ ఆడొచ్చు. అందులో దాగున్నది రెండు కాదనీ మొత్తం ఆటే ఉందనీ, అదీ 4కె స్పష్టతతో ఉందనీ, తెరిచే కోడ్ రాసుకున్న నోట్‌బుక్ మాత్రం పోయిందనీ 2021లో ఆ పనిచేసిన డెవలపరే బయటపెట్టాడు. కోడ్ దొరకడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. అయిదేళ్ళపాటు ఆ ఆట కొన్నవాళ్ళందరి ఇంట్లోనూ ఇంకో ఆట ఊరికే పడుంది!

అదే 2021 మేలో డోక్, ఎల్లిస్ మళ్ళీ కలిశారు. టైమ్‌స్ప్లిటర్స్ హక్కులు 2018లోనే డీప్ సిల్వర్ మాతృసంస్థ కొనిపెట్టుకుంది, ఆ సంస్థ స్వీడన్ కంపెనీ ఎంబ్రేసర్ గొడుగు కిందిది. ఫ్రీ రాడికల్ పాత పేరుతోనే నాటింగ్‌హామ్‌లో మళ్ళీ తెరుచుకుంది. రెండేళ్ళు తిరిగాక, 2023 మేలో ఎంబ్రేసర్ ఆశ పెట్టుకున్న 200 కోట్ల డాలర్ల ఒప్పందం విఫలమైంది. ఖర్చు తగ్గించే పని మొదలై స్టూడియోలు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. డిసెంబరు 11న ఫ్రీ రాడికల్ వంతు వచ్చింది. కొత్త ఆట విడుదలకు నోచుకోలేదు.

పాతవి మాత్రం 2024 ఆగస్టులో మూడూ ప్లేస్టేషన్ 4, 5 మీదికి వచ్చాయి. సోనీ చందాదారుల్లో పై తరగతివాళ్ళకు అవి చందాలో భాగమే, మన దేశంలో ఆ తరగతి పేరు డీలక్స్. మల్టీట్యాప్‌తో పనిలేదు, నాలుగు కంట్రోలర్లుంటే చాలు. కోతుల పోటీ రెండో భాగంలో ఉంది.