అంచె టపా – ఈమెయిలు : బెంగళూరు చిన్న కార్యాలయముల లేఖాచరిత్ర

అంచె యను మాట తెలుగునను కన్నడమునను గలదు. దూరము పోవువాడు దారి నడుమ నొకచోట ఆగి, తాను మోయుచున్న దానిని వేఱొకని చేతికిచ్చు తావునకు ఆ పేరు. 'అంచెలంచెలుగా' ననునది నేటికిని వాడుకలో నున్నది. మైసూరు సంస్థానమున టపాశాఖకే అంచె యని పేరు. బెంగళూరు పాతపేటలో అంచెపేట యను వీథి ఆ పేరును ఇంకను నిలిపియున్నది. 20వ శతాబ్ది చివరి యేండ్లలో ఈ నగరమందలి చిన్న కార్యాలయములు తమకై తాము నిలుపుకొన్న ఈమెయిలు సర్వరులును ఒక విధమైన అంచెలే. అవి ఎట్లు పుట్టినవి, ఎట్లు పనిచేసినవి, ఏల తగ్గినవి, వానివలన నేర్వదగినదేమి యను విషయము ఇందు పరిశీలింపబడుచున్నది.

1. సంస్థానముల టపా

మైసూరు నేలిన చిక్కదేవరాజ ఒడయరు (1673–1704) అంచె వ్యవస్థను నెలకొల్పెనని ప్రసిద్ధి. జాబులు మోయుటయే గాక, ఊరూర జరుగు సంగతులను ప్రభువునకు దెలుపుటయు అంచె యుద్యోగుల పనియై యుండెనని, 19వ శతాబ్ది తొలినాళ్ళలో మైసూరున రెసిడెంటుగా నుండిన మార్క్ విల్క్స్ తన చరిత్రగ్రంథమున వ్రాసెను. టపా ఎవరి చేతిలో నుండునో వార్తయు వారి చేతిలోనే యుండునని దీనివలన తెలియుచున్నది. 1889లో, శేషాద్రి అయ్యరు దివానుగా నున్న కాలమున, మైసూరు అంచె బ్రిటిషు ఇండియా టపాలో విలీనమయ్యెను.

హైదరాబాదు సంస్థానపు టపా అంతకంటె ఎక్కువకాలము నిలిచినది. 1871 నుండి వెలువడిన దాని తపాలాబిళ్ళలపై ఇంగ్లీషు, పారసీ, నాగరి లిపులతోపాటు తెలుగు లిపియు ఉండెను. ఎవరి టపాలో వారి ప్రజల లిపికి చోటుండుట సహజము. జాబు ఎవరి చేతిలో నున్నది? అది ఏ లిపిలో పోగలదు? ఈ రెండు ప్రశ్నలే ఈమెయిలు చరిత్రయందును ఎదురగుచున్నవి.

2. ఈమెయిలునందలి అంచె

1971లో రే టామ్లిన్సన్ ఒక కంప్యూటరునుండి మఱొక కంప్యూటరునకు లేఖ పంపి, వ్యక్తి పేరునకును యంత్రము పేరునకును నడుమ 'ఎట్' గుర్తును ఉంచెను. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ ఎస్.ఎం.టి.పి. యను లేఖాప్రేషణ నియమావళిని ప్రకటించెను. దీని ప్రకారము లేఖ పంపువాని యంత్రమునుండి అందుకొనువాని యంత్రమునకు నేరుగా పోవలసిన పనిలేదు. నడుమ నున్న సర్వరు దానిని అందుకొని, తనయొద్ద భద్రపఱచి, పై సర్వరునకు అప్పగించును. దారి మూసికొనియున్నచో వెంటనే విడిచిపెట్టక, నాలుగైదు దినములు మరల మరల ప్రయత్నించి, అప్పటికిని సాగనిచో కారణమును తెలిపి పంపినవానికి తిప్పిపంపును. టపా బంట్రోతు చేయునదియు నిదియే.

3. బెంగళూరునకు ఈమెయిలు రాక

1986లో భారత ప్రభుత్వపు ఎలక్ట్రానిక్సు శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమపు తోడ్పాటుతో, ఎర్నెట్ అను విద్యా పరిశోధనా జాలమును ఆరంభించెను. ముంబయిలోని ఎన్.సి.ఎస్.టి., బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, అయిదు ఐ.ఐ.టి.లు, ఎలక్ట్రానిక్సు శాఖ ఇందు తొలి భాగస్వాములు. మొదట సాధారణ టెలిఫోను కలయికలతోనే లేఖలు సాగినవి. 1989లో ముంబయి కేంద్రమునుండి అమెరికాకు సెకనునకు 9,600 బిట్ల అద్దె తీగ ఏర్పడెను. సెకనునకు సుమారు వేయి అక్షరములే పోగల దారి యది.

ఈ జాలము విద్వాంసులకు మాత్రమే. వ్యాపారులకు, చిన్న సంస్థలకు అందు ప్రవేశము లేదు. అట్టివారికి టెలిఫోను ద్వారా చేరదగిన బులెటిన్ బోర్డులే శరణ్యమయ్యెను. బెంగళూరువాసి అతుల్ చిట్నిస్ (1962–2013) 1989 ప్రాంతమునుండి 'సిక్స్' అను అట్టి దానిని నడిపెను. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సామాన్యులకు ఇంటర్నెట్టును తెఱచినది. ముందు నాలుగు మహానగరములకును, పిమ్మట బెంగళూరునకును ఆ సేవ లభించెను.

4. చిన్న కార్యాలయపు సర్వరు

పదిమంది పనిచేయు ఒక కార్యాలయమును తలంపుడు. టెలిఫోను తీగ ఒకటి, మోడెము ఒకటి, ఇంటర్నెట్టు ఖాతా ఒకటి. ఒకరు తీగను పట్టుకొన్నచో మిగిలినవారు వేచియుండవలయును. పదిలక్షల అక్షరముల పత్రమొకటి ఆ కాలపు వేగమున చేరుటకు పావుగంట దాటును. అంతసేపును టెలిఫోను లెక్క పెరుగుచుండును. ప్రక్క బల్లయొద్ద నున్నవానికి వ్రాసిన జాబు సైతము ఊరంతయు తిరిగి రావలసినదే.

ఈ ఇబ్బందికి విరుగుడే స్థానిక సర్వరు. ఒక పాత కంప్యూటరుపై లినక్సును ఎక్కించి, ఎరిక్ ఆల్మన్ 1983 నాటికి రూపొందించిన సెండ్‌మెయిల్ ప్రోగ్రామును దానిపై నిలిపిరి. ఉద్యోగులందఱి లేఖలును ముందుగా దానికి చేరును. అది 'ఎట్' గుర్తునకు తరువాతి భాగమును చదువును. అది సొంత కార్యాలయపు పేరైనచో లేఖను అక్కడికక్కడనే ఆ వ్యక్తి పెట్టెలో వేయును. పరస్థలమునకైనచో వరుసలో నిలుపును. నియమితవేళలందు సర్వరే టెలిఫోను కలిపి, వరుసలోని లేఖల నన్నిటిని ఒక్కసారిగా పైకి పంపును. ఎరిక్ రేమండ్ 1996లో వెలువరించిన ఫెచ్‌మెయిల్ ప్రోగ్రాము బయటి ఖాతాలో చేరియున్న లేఖలను తెచ్చి, పేర్లను చూచి పంచిపెట్టును. పది కలయికలు చేయు పని ఒక్క కలయికతో తీఱెను.

1996లో పీసీ క్వెస్ట్ పత్రిక లినక్సును సీడీపై పాఠకుల కందించెను. ఆ ప్రయత్నమునకు చిట్నిస్ ముఖ్యకారకుడు. విలువైన ప్రోగ్రాములను కొనజాలని సంస్థలకును దీనివలన సొంత టపా సాధ్యమయ్యెను.

5. తెలుగు లిపి గతి

1982 నాటి నియమావళి ఇంగ్లీషు అక్షరములకు చాలిన ఏడు బిట్ల సంకేతమును మాత్రమే ఎఱుగును. కావున దూరదేశముల తెలుగువారు తెలుగును రోమను అక్షరములలో వ్రాయవలసివచ్చెను. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున రూపొందిన ఆర్.టి.ఎస్. లిప్యంతరీకరణ పద్ధతి అట్టి యవసరమునుండి పుట్టినదే. 1991లో యూనికోడ్ తొలి సంపుటమున తెలుగునకు స్థానము లభించెను. 1992లో ప్రకటితమైన మైమ్ నియమములవలన ఇతర లిపులును ఏడు బిట్ల వేషమున ప్రయాణింపగలిగినవి.

అయినను భారము తప్పలేదు. 'తెలుగు' అను మాటలో యూనికోడ్ గుర్తులు ఆఱు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి మూడు బైట్లు గైకొనగా అవి 18 అగును. మైమ్ వేషమున అవి 24 అక్షరములగును. రోమను లిపిలో అదే మాటకు ఆఱు చాలును. మెల్లని తీగలపై ఇది నాలుగింతల కాలము. విలాసమునే తెలుగులో వ్రాయుటకు వీలు కల్పించు నియమము 2012లో వచ్చినది. అయితే దారిలోని సర్వరులు ఆ నియమమును అంగీకరించిననే అట్టి విలాసము సాగును. లిపికి నియమమునందు చోటు కల్పించినంత మాత్రమున చాలదు. ప్రతి అంచెయు దానిని ఆదరింపవలయునని దీనివలన స్పష్టము.

6. సర్వరుల క్షీణత

2004 నాటి బ్రాడ్‌బ్యాండు విధానము తరువాత ఎల్లవేళల తెఱచియుండు తీగలు వ్యాపించినవి. తీగను పొదుపు చేయవలసిన కారణము తీఱెను. 2006లో గూగులు, 2011లో మైక్రోసాఫ్టు సంస్థల సొంతపేరు మెయిలు సేవలు చిన్న కార్యాలయములకును లభించెను. అదే సమయమున అక్కఱలేని లేఖల వెల్లువ పెరిగినది. ఎవరి లేఖనైనను ప్రశ్నింపక పైకి పంపు సర్వరులు మోసగాండ్రకు సాధనములయ్యెను. అందుచే పెద్ద సంస్థలు క్రొత్త సర్వరులను శంకింపసాగెను. ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం. మొదలగు సాక్ష్యములు చూపని లేఖలు నేడు తిరస్కృతులగుటయు గలదు. చిన్న సర్వరు పంపిన నిజమైన జాబును సైతము అవతలివారు చెత్తబుట్టలో వేయుట సాధ్యమైనది. 1889లో సంస్థానపు అంచె సామ్రాజ్యపు టపాలో చేరినట్లు, ఈ చిన్న అంచెలును పెద్ద సంస్థల టపాలో చేరినవి.

7. ముగింపు

ఈ మార్పున లాభము లేదనుట న్యాయము గాదు. పెద్ద టపా దూరము చేరును. దాని కాపుదలయు గట్టిది. చిన్న కార్యాలయమున సర్వరును కనిపెట్టుకొని యుండు మనిషి ఉద్యోగము మానినచో, అంతయు ఆగిన సందర్భములు కలుగవచ్చును. కాని లేఖను పంపుట వేఱు, దాచుట వేఱు. పూర్వము కార్యాలయపు బీరువాలో జాబుల కట్టలుండెడివి. వానివలననే ఒక పాఠశాల, ఒక సంఘము, ఒక గ్రంథాలయము తమ చరిత్రను వ్రాసికొనగలిగెను. నేడు ఖాతాకు రుసుము చెల్లింపకపోయినను, సంకేతపదమెఱిగినవారు లేకపోయినను ఆ కట్టయంతయు చేజాఱును. పరభాషా ప్రాంతమున జీవించు తెలుగు సంస్థలకు ఈ నష్టము మఱింత పెద్దది. వాని చరిత్రకు ఇతరత్ర పత్రములు స్వల్పము.

కావున పంపు పనిని పెద్ద టపాకు విడిచినను, వచ్చిపోవు ప్రతి లేఖకును ఒక ప్రతిని కార్యాలయమునందే ఒక యంత్రముపై నిలుపుకొనుట కర్తవ్యము. ఐమాప్ పద్ధతిచే అట్టి ప్రతులను తెచ్చుకొనుట నేటికిని సులభము. ఉచిత ప్రోగ్రాములును గలవు. ఏటేట ఆ ప్రతిని తెఱచి చదివి చూచు బాధ్యతను ఒక వ్యక్తికి గాక ఒక పదవికి అప్పగింపవలయును. దారి ఎవరిదైనను కట్ట మనయొద్ద నుండవలయునని బెంగళూరు చిన్న అంచెల చరిత్ర తెలుపుచున్నది.