కందమంత భాష

మా వేములవాడకు దగ్గర్లోనే, గంగాధర మండలం కురిక్యాల పక్కన బొమ్మలగుట్ట ఉంది. క్రీ.శ. 945 ప్రాంతంలో పంప కవి తమ్ముడు జినవల్లభుడు అక్కడి రాతి మీద సంస్కృతం, కన్నడం, తెలుగుల్లో శాసనం వేయించాడు. తెలుగు వంతుకు వచ్చినవి మూడు కందాలు, అంతే. తెలుగు కందం పాతదనం గురించి మాట వస్తే ఇప్పటికీ ఆ గుట్టనే చూపిస్తాం.

కందానికి గణాలు అయిదే. నియమాలన్నీ ఒక పేజీలో పడతాయి. అయినా కందం రాసినవాడే కవి అన్నారు. చిన్నదంటే సులువైనదని కాదు, మొత్తం ఒక్క మనిషి తలలో పట్టేదని.

నేను బతుకుతున్న ప్రోగ్రామింగ్ భాషల్లో సి అట్లాంటిది. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ దాన్ని యూనిక్స్ కోసం చేసుకున్నాడు. 1973లో యూనిక్స్ కెర్నల్‌ను అందులోకి తిరగరాశారు. అది మనిషిని నమ్మే భాష. అడిగిన జాగా ఇస్తది, హద్దు దాటి రాస్తే ఆపదు. 1988 నవంబర్‌లో మోరిస్ వర్మ్ వాడుకున్న దారుల్లో ఒకటి ఇదే. వచ్చే అక్షరాలు ఎన్నో చూడకుండా నింపేసే 'గెట్స్' ఫంక్షన్‌లోంచి దూరింది.

మా కాలేజీ ల్యాబ్‌లో నీలం తెర టర్బో సి ఉండేది. రికార్డులో పేరు అడిగే ప్రోగ్రాం గెట్స్‌తోనే రాశాం, మార్కులూ వచ్చినయ్. 2011 ప్రమాణంలో గెట్స్‌ను సి నుంచే తీసేశారని ఉద్యోగంలో చేరినంకగానీ తెల్వలే. మాకు సి అంటే సిలబస్. ఒక మనిషి ఒక అవసరానికి చేసుకున్న వస్తువని, మళ్లీ చేసుకోవచ్చని ఎవరూ చెప్పలే.

2022లో డ్రూ డివాల్ట్, ఆయన తోటివాళ్లు 'హేర్' భాషను బయటపెట్టినప్పుడు ఆ సంగతి అర్థమైంది. సిలో లాగే మెమరీ బాధ్యత మనదే. కానీ అర్రే హద్దు దాటితే ప్రోగ్రాం ఆగిపోతుంది. పాయింటర్ ఖాళీగా ఉండే వీలుంటే ముందే చెప్పాలి. ఎర్రర్ వస్తే చూడనట్టు పోవడం కుదరదు. కంపైలర్ పాత ఫ్లాపీలో పట్టేంత చిన్నది.

లోపాలు లేవని కాదు. వదిలేసిన మెమరీని మళ్లీ ముట్టుకుంటే హేర్ పట్టుకోదు, రస్ట్ పట్టుకుంటుంది. కాకపోతే రస్ట్ మొత్తం తలలో పట్టడం కష్టం. పైగా హేర్ తయారైంది లినక్స్, బీఎస్‌డీల కోసం. మా ల్యాబ్‌లోని విండోస్‌కు అందులో చోటు లేదు.

సి పోవాలని నేననను. కానీ సంస్కృతం, కన్నడం చెక్కించినంక ఇంక చాలుననుకుంటే, గుట్ట మీద ఆ మూడు కందాలు ఉండేవి కావు.